వైసన్ తరఫు మనిషి

మంగళవారం ఉదయం ఎనెలేసి నమలీమా సైకిల్ దిగేసరికి గ్రేసియానో ఇంటి వసారాలో చాప పరిచే ఉంది. ఆరోగ్య కార్యకర్త కాగితాలతో వస్తోందని ఎవరో ముందే చెప్పినట్టున్నారు. వైసన్‌కు ఉతికిన చొక్కా తొడిగి గోడవారగా కూర్చోబెట్టారు. అతని ముందు తలకిందులుగా నిలబెట్టిన సైకిల్ ఉంది. వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ స్పోకులు ఒక్కొక్కటే వేలితో మీటి చూస్తున్నాడు.

ఎనెలేసి చాప చివర కూర్చుని అరచేతులు కలిపి మర్యాదగా, మెల్లగా మూడుసార్లు చప్పట్లు కొట్టింది.

"ఎలా ఉన్నారు పెద్దయ్యా?"

"మేం బాగున్నాం. మరి నువ్వో, డాక్టరమ్మా?"

"నేనూ బాగున్నాను."

గ్రేసియానోకు అరవై ఆరేళ్లు. ఒకప్పుడు చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేవాడు. ఆ ఆవరణలోని ఏడు ఇళ్లూ అతని చెల్లెళ్లవి, మేనకోడళ్లవి. పెళ్లి చేసుకుని వాటిలోకి వచ్చిన మగవాళ్లందరూ అతని మాట కింద ఉంటారు. వైసన్ భార్య మోడెస్తా అతనికి మేనకోడలు. ఆమె పాపను వీపున కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె చేతులు మోచేతులదాకా తడిగా ఉన్నాయి.

ఎనెలేసి సంచిలోంచి కాగితం తీసింది. పద్నాలుగు ప్రశ్నలు. ఇబ్బంది లేకపోతే సున్న, బాగా ఉంటే మూడు. మతి చెడినవాళ్లతో కలిసి ఉంటున్న మనుషుల్ని అడిగి, వాళ్లు చెప్పిందే రాయాలి, ఇంటి పెద్ద చేత సంతకం పెట్టించాలి. ఎక్కువ మార్కులు వచ్చిన ఆరుగురి ఇళ్లకు జిల్లా నుంచి జట్టు వస్తుంది. వారానికి రెండుసార్లు వస్తారు, సూది ఇంట్లోనే వేస్తారు, పొలానికి వెంట వెళతారు, మనిషి కనబడకపోతే వెతికి తెస్తారు. మిగతావాళ్లు ఎప్పటిలాగే నెలకోసారి ఆరోగ్య కేంద్రానికి నడిచి వచ్చి మాత్రలు తీసుకోవాలి.

"వైసన్ తనంతట తాను స్నానం చేస్తాడా?"

మోడెస్తా మేనమామ వైపు చూసి, "చేస్తాడు" అంది.

"ఒకరు గుర్తు చేయాలా?"

"అక్కర్లేదు."

వైసన్ చెవి వెనక సబ్బు నురగ ఇంకా ఆరలేదు. ఎనెలేసి సున్న వేసింది.

"మాత్రలు?"

"వేసుకుంటాడు."

"ఇల్లు వదిలి వెళ్లిపోవడం ఉందా?"

"పొలానికి పోతాడు" అన్నాడు గ్రేసియానో. "మగాడన్నాక పొలానికి పోడా?"

"పది రోజుల కిందట కొండ కింద వాగులో దొరికాడు కదా పెద్దయ్యా. మోసుకొచ్చిన ముగ్గురిలో నేనూ ఉన్నాను."

"చేపలకు పోయి ఉంటాడు."

"గాలం లేకుండానా?"

"గాలం సంగతి కూడా అడిగి రమ్మన్నారా నీ పైవాళ్లు?"

లోపల ఆడవాళ్లు నవ్వారు. వైసన్ చక్రాన్ని ఆపాడు.

"అక్కా, ఈ చక్రాన్ని కూడా అడుగు. పద్నాలుగు అక్కర్లేదు దీనికి. తిప్పి వదిలితే చాలు, ఎక్కడ వంకరో అదే చెప్పేస్తుంది."

"నువ్వు నీ పని చూసుకో" అన్నాడు గ్రేసియానో.

మొత్తం నాలుగు మార్కులు. గ్రేసియానో కళ్లద్దాలు పెట్టుకుని కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, సంతకం చేశాడు.

మోడెస్తా ఆమెను సాగనంపడానికి సైకిల్ పక్కన నడిచింది. మొక్కజొన్న మోళ్లు దాటి, ఆవరణ కనబడనంత దూరం వచ్చాక నోరు విప్పింది.

"మామ తేల్చి చెప్పేశాడక్కా. ఇంకొక్కసారి ముసురులోకి పోతే గొడ్డలి చేతికిచ్చి పంపేస్తాడట."

ఎనెలేసి సైకిల్ ఆపింది. భార్య ఊరి నుంచి మగవాణ్ణి పంపేసేటప్పుడు అతను వెంట తెచ్చుకున్న గొడ్డలి అతని చేతికిస్తారు. ఇచ్చాక ఇక మాటలుండవు. వైసన్ తల్లి చనిపోయింది. ఆమె ఊరు చిల్వా సరస్సు అవతల; అక్కడ ఇల్లు కూడా పడిపోయింది. అట్లా పంపేసినవాళ్లు సంత దగ్గర దిక్కులేక తిరగడం ఎనెలేసి చూస్తూనే ఉంటుంది. జూన్ నెల. కొండ మీంచి మంచులా దిగే ముసురు పట్టి రెండు వారాలు కాలేదు, ఆగస్టు దాకా విడవదు.

"ఆ జట్టు వస్తే పోకుండా చూస్తారు కదా? సూది పడితే ముసురులో తనను పిలిచే ఆ చప్పుడు వినబడదంటాడు" అంది మోడెస్తా.

"మరి ఇందాక అన్నింటికీ బాగున్నాడని ఎందుకు చెప్పావు?"

మోడెస్తా ఆమెను వింతగా చూసింది.

"అట్లా ఎట్లా చెప్తానక్కా? నువ్వైతే చెప్తావా?"

*

ఎనెలేసికి యాభై ఒక్క ఏళ్లు. మిచేసి కొండ కింది పదకొండు ఊళ్లలో ఇరవై నాలుగేళ్లుగా తిరుగుతోంది. పిల్లల్ని తూస్తుంది, టీకాల రోజులు గుర్తు చేస్తుంది, బావుల్లో మందు వేస్తుంది, మరుగుదొడ్లు లెక్కపెడుతుంది. ఒకసారి ఆ లెక్క పెంచి రాయమని పై అధికారి అడిగాడు. ఆమె రాయలేదు. ఆమెతో పాటు చేరినవాళ్లు ముగ్గురు పట్నంలో కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె అదే సైకిల్ మీద ఉంది. దాని గురించి ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు.

పెళ్లయి ఆరేళ్లకు ఆమె మేనమామ ఆమె భర్తను పంపేశాడు. ఒక సాయంత్రం రెండు వైపుల పెద్దలూ వసారాలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆమె లోపల పప్పు ఉడికిస్తూ విన్నది. ఎవరూ ఆమెను పిలవలేదు. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

బుధవారం సాయంత్రం ఆరోగ్య కేంద్రంలో ఇరవై మూడు కాగితాలు మార్కుల వరసలో పేర్చింది. శుక్రవారం మధ్యాహ్నం జిల్లా నర్సు ఖుంబో మోటారు సైకిల్ మీద వచ్చి పట్టుకుపోతాడు. మొదటి కాగితానికి ముప్పై ఆరు. ఆరోది ఫైలెస్ అనే పిల్లది, ఇరవై ఏడు. దాని తల్లి మెలీనా ఏదీ దాచలేదు. అడగనివి కూడా చెప్పింది. ఆ ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఎనెలేసి తను ఎన్నడూ, ఎవరితోనూ అనని మాట ఒకటి అంది, "ఈసారి మీకు వస్తుందిలే" అని.

వైసన్ కాగితం అన్నింటికన్నా అడుగున ఉంది. దాని పైన ఆరు మార్కులు వచ్చినవాడు, ఆ పైన అయిదు మార్కులవాడు తప్పు చోట పడ్డారని సరిచేయబోయి ఆగింది. అడుగున ఉన్న తొమ్మిది కాగితాలనూ విడిగా తీసి పేర్లు చదివింది. మళ్లీ చదివింది.

తొమ్మిది మందీ మగవాళ్లే. తొమ్మిది మందీ పెళ్లి చేసుకుని భార్య ఊళ్లో ఉంటున్నవాళ్లే.

పై పద్నాలుగు కాగితాల్లో ఆడవాళ్లు, పెళ్లికాని మగపిల్లలు. అందరూ తల్లి ఇంట్లో ఉన్నవాళ్లు. వాళ్ల గురించి చెప్పింది వాళ్ల తల్లులు, అక్కలు. సొంత బిడ్డ తప్పు ఎవరైనా చెప్పుకోవచ్చు. అల్లుడి తప్పు అట్లా కాదు. అల్లుడి తప్పు వినేది ఒక్కడే, అతని తరఫున పెళ్లిలో నిలబడిన పెద్ద. ఆయన్ని పిలిచి, చాప వేసి, ఆయన ముందు చెప్పాలి. దారినపోయేవాళ్లకో, కాగితం పట్టుకొచ్చినవాళ్లకో చెప్తే ఆ ఇంటికే నామర్దా. ఇక్కడ నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. మోడెస్తా అట్లా ఎందుకు చూసిందో ఎనెలేసికి ఇప్పుడర్థమైంది. ఆమె తొమ్మిది ఇళ్లకు వెళ్లి, తొమ్మిది వసారాల్లో అదే ప్రశ్నలు అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది.

ఖుంబోకు ఫోన్ చేసింది.

"వైసన్ కాగితం తప్పు. నాలుగు కాదు, ముప్పై దాటుతుంది."

"వాళ్లు చెప్పింది నాలుగే కదక్కా?"

"చెప్పింది నాలుగే."

"మరి వాళ్లు చెప్పంది నువ్వు రాస్తానంటే ఎట్లా? మరుగుదొడ్ల అక్కవి నువ్వు, నా చేతనా ఇది చెప్పించుకునేది! నువ్వొకటి పెంచితే పక్క ఊరి కార్యకర్త స్టోనార్డ్ పది పెంచుతాడు. వాళ్ల నోటితో చెప్పించి, పెద్దాయన సంతకంతో తీసుకురా. శుక్రవారం దాకా టైముంది."

ఫోన్ పెట్టేశాక ఎనెలేసి వైసన్ ఆసుపత్రి పుస్తకం తీసి చూసింది. అతని తరఫు పెద్ద తల్లి తమ్ముడు, రెండేళ్ల కిందట పోయాడు. ఆ స్థానంలో ఎవరూ కూర్చోలేదు. తల్లి వంశం అమిలీమా. ఎనెలేసిదీ అదే. ఆ లెక్కన అతను తనకు తమ్ముడి వరస.

ఇంటికి వెళ్లాక, అతని తరఫు పెద్దగా తనే కూర్చుంటానని తల్లితో చెప్పింది. తెరెజాకు డెబ్బై ఎనిమిదేళ్లు, ఒడిలో చేట పెట్టుకుని వేరుశనగ వలుస్తోంది.

"వాడు ఎవడి ధాన్యం కొట్టు కాల్చినా నీ గుమ్మంలోకొచ్చి కూర్చుంటారు. తెలుసా?"

"తెలుసు."

"నీ సైకిల్ పట్టుకుపోతారు. నా మేకల్ని కూడా."

"తెలుసమ్మా."

"ఆడదాన్ని పెద్దగా కూర్చోనిస్తాడా ఆ గ్రేసియానో? ఆడవని సొంత పెట్టకోళ్లతో కూడా మాట్లాడడు వాడు."

"మగదిక్కు లేనప్పుడు అక్క కూర్చోవచ్చు కదా. నువ్వే చెప్పావు."

"చెప్పాను. అన్నీ తెలిసి మళ్లీ నన్నడగడం ఎందుకు?"

"అడగడం లేదు. చెప్తున్నాను."

"అయితే చేతులూరికే పెట్టుకోకు, వలువు" అంది తెరెజా చేట ముందుకు తోసి.

వలుస్తూ ఎనెలేసి మిగతాదీ ఆలోచించింది. ఒకసారి పెద్దగా కూర్చున్నాక తను అతని బంధువు. బంధువు కాగితం బంధువు రాయకూడదు. శిక్షణలో మొదట చెప్పింది అదే. ఇంకొకరు రావాలి. వైసన్‌కు ముప్పై దాటితే ఆరో స్థానంలో ఉన్న ఫైలెస్ ఏడో స్థానంలోకి జారుతుంది. ఆ సంగతి తల్లికి చెప్పలేదు.

*

గురువారం పొద్దున ముసురు నేల దాకా దిగింది. సైకిల్ ముందు చక్రం కూడా సరిగా కనబడటం లేదు. ఆవరణలోకి తిరుగుతుండగానే మోడెస్తా ఎదురు పరుగెత్తుకొచ్చింది.

"పోయాడక్కా. జావ తాగుతూ తాగుతూ లేచి పోయాడు."

వసారా స్తంభానికి గొడ్డలి ఆనించి ఉంది. గ్రేసియానో నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని, చేతికర్ర పట్టుకుని మెట్టు దిగుతున్నాడు.

"నేనూ వస్తాను" అంది ఎనెలేసి.

అతను వద్దనలేదు, ఆగనూ లేదు. పొలాలు దాటి ఏటవాలు ఎక్కసాగాడు. దారి లేనిచోట కూడా తడుముకోకుండా నడుస్తున్నాడు. రెండు మామిడి చెట్ల మధ్య ఎడమకు తిరిగాడు. ఒక బండ దగ్గర వంగి మట్టి చూశాడు.

"ఇక్కడ కూర్చుంటాడు, కాళ్లు నొప్పి పుడితే. ఇవాళ కూర్చోలేదు. తొందరలో ఉన్నాడు."

ఎనెలేసి ఆయాసపడుతూ వెనకే నడిచింది. కింద ఎక్కడో వాగు చప్పుడు. ఇన్ని రోజుల ముసురుకు బాగా పెరిగింది.

"ఎన్నిసార్లు వచ్చారు పెద్దయ్యా ఇట్లా?"

"లెక్కపెట్టలేదు."

పది అడుగులు వేశాక, "పదకొండు" అన్నాడు.

"మంగళవారం చేపలకన్నారు!"

"మంగళవారం నువ్వు కాగితంతో వచ్చావు."

వాగు చప్పుడు దగ్గరైంది. గ్రేసియానో ఒక చెట్టు దగ్గర ఆగి కర్రతో చూపించాడు. ముసురులో ముందు ఏమీ కనబడలేదు. తర్వాత తెల్లగా చొక్కా కనబడింది. వాగు మీదికి వాలిన రాతిపలక చివర వైసన్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పలక మీద నీళ్లు పల్చగా జారుతున్నాయి. దాని అవతల నురుగు.

"నేను దగ్గరికి పోతే ఇంకా ముందుకు జరుగుతాడు" అన్నాడు గ్రేసియానో గొంతు తగ్గించి. "అత్తింటివాణ్ణి. నన్ను చూస్తే భయం. ఎప్పుడూ ఇక్కడ నిలబడి చూసి, ఇంకొకళ్లను పంపుతాను. మొన్న నీకు కబురు పెట్టింది ఎవరనుకున్నావు?"

ఎనెలేసి చెప్పులు విప్పింది. పలక మీద మొదటి అడుగుకే కాలు జారి మోకాలి మీద పడింది. ఆ చప్పుడుకు వైసన్ తల తిప్పాడు, కాని కదల్లేదు.

"అక్కా, అక్కడే ఉండు. తడిగా ఉంది."

"నువ్వూ తడి మీదే ఉన్నావు."

"నాకలవాటు."

ఆమె లేవకుండా, మోకాళ్ల మీదే ఇంకో రెండు బారలు జరిగింది.

"ఏం వినబడుతోంది?"

"అదే. పైన ఎవరో చక్రం తిప్పుతున్నారు. వంకర చక్రం. తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ, ఒక దెబ్బ. ముసురు దిగితే దగ్గరికొస్తుంది. ఒక్క స్పోకు బిగిస్తే ఆగిపోతుంది. చేతికి అందడం లేదు."

"ఇంటికి పోదాం. నీ తరఫున కూర్చోవాలని వచ్చాను."

"ఎక్కడ?"

"వసారాలో. మీ మామ కూర్చున్న చోట. నేనూ అమిలీమానే."

వైసన్ ఆలోచించాడు. అతని మడమలు రాతి అంచు మీద ఉన్నాయి. ఎనెలేసి చూపు అక్కడి నుంచి తీయలేదు.

"కూర్చుంటే నా తప్పులన్నీ వినాలి."

"వింటాను."

"చాలా ఉన్నాయక్కా. దుప్పటి తెచ్చుకోవాల్సింది."

"మోడెస్తాది తీసుకుంటాను. చెయ్యివ్వు."

అతను చెయ్యి ఇవ్వబోయి లేచాడు. లేవడంలో మడమ జారింది. ఎనెలేసి అతని చొక్కా పట్టుకుంది. గుండీలు తెగాయి, చొక్కా భుజం దాకా ఊడి వచ్చింది. వైసన్ బోర్లా పడి రెండు చేతులా రాతిని కరుచుకున్నాడు. ఒక కాలు నీళ్లలో ఊగుతోంది. అప్పుడు వెనక నుంచి కర్ర ఆమె భుజం మీదుగా వచ్చింది. గ్రేసియానో పలక మీద పొట్టపై పాక్కుంటూ వచ్చి కర్ర చాపుతున్నాడు. వైసన్ అతన్ని చూశాడు. ఒక క్షణం ఏదీ కదల్లేదు. తర్వాత కర్ర పట్టుకున్నాడు.

చెట్టు దగ్గరికి చేరాక గ్రేసియానో తన నెత్తి మీది ప్లాస్టిక్ సంచి తీసి వైసన్ మీద వేసి, ముందు నడిచాడు.

*

ఇంటికి రాగానే గ్రేసియానో గొడ్డలి చేతిలోకి తీసుకున్నాడు. ఆవరణలోని ఆడవాళ్లందరూ వచ్చి గోడల పక్కన నిలబడ్డారు. మోడెస్తా పాపను గుండెకు అదుముకుంది.

"మాట మాటే" అన్నాడు అతను. "ఇంకొక్కసారి అన్నాను. పోయాడు. పిలిచి చెప్పడానికి వీడి తరఫున మనిషైనా లేడు."

ఎనెలేసి తడిసిన నీలం యూనిఫాం కోటు విప్పి, మడిచి సంచిలో పెట్టింది. చాప మీద అతిథులు కూర్చునే చివరకు పోకుండా అవతలి చివరకు వెళ్లి వైసన్ పక్కన కూర్చుంది. మోకాలి నుంచి రక్తం కారుతోంది. దాన్ని నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ అంచుతో కప్పి చప్పట్లు కొట్టింది.

"అమిలీమా వంశం నుంచి వచ్చాను. మా తమ్ముడి వల్ల మీకేం కష్టం వచ్చిందో చెప్పండి. వింటాను."

గోడ పక్కన ఎవరో గట్టిగా గాలి పీల్చారు. గ్రేసియానో నిలబడే ఉన్నాడు.

"ఊరికే కూర్చున్నావా, తెలిసి కూర్చున్నావా?"

"తెలిసే."

"రేపు వీడు చేసింది నీ ఇంటికొస్తుంది."

"రానివ్వండి."

అతను గొడ్డలిని గోడకానించి చాప మీద ఎదురుగా కూర్చున్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు డాక్టరమ్మా అనలేదు.

"వియ్యపురాలుగారూ, అయితే వినండి. మొదటిది. పోయిన ఏడాది కందులు పూతకొచ్చినప్పటి నుంచీ వీడు పొలం ముట్టలేదు. రెండోది. స్నానం నా మేనకోడలు చేయిస్తే చేసినట్టు, లేకపోతే నెలైనా అంతే. మూడోది మాత్రలు. కోళ్ల గూట్లోకి విసిరేస్తాడు. నా పుంజు రెండు రోజులు పడుకుని లేవలేదు."

"మూడు రోజులు" అన్నాడు వైసన్.

ఆడవాళ్లు నవ్వబోయి ఆపుకున్నారు. గ్రేసియానో అతని వైపు చూడలేదు.

"మూడు రోజులు. నాలుగోది..."

గంటన్నర చెప్పాడు. ఏ రోజు ఏ దారిలో పోయాడో, ఎవరి ఇంటి ముందు నిలబడి ఎవరితో ఏం మాట్లాడాడో, ఏ పొయ్యి దగ్గర పాపను వదిలేసి పోయాడో ఒక్కటీ మరిచిపోలేదు. పొయ్యి సంగతి చెప్పేటప్పుడు మోడెస్తా లోపలికి వెళ్లిపోయింది. ఎనెలేసి ఒక్కో తప్పుకూ చప్పట్లు కొట్టి విన్నానని చెప్పింది.

"ఇవన్నీ కడుపులో పెట్టుకుని రెండేళ్లున్నాను" అన్నాడు చివర. "ఇప్పుడు తీసుకుపొండి మీ తమ్ముణ్ణి."

"విన్నాను. కాదనను. గడువు ఇవ్వండి. వచ్చే మొక్కజొన్న కోతల దాకా."

"కందులు కోసేదాకా."

"అది రెండు నెలలే."

"వియ్యపురాలుగారు కాబట్టి రెండు నెలలు. ఇంకొకరైతే రెండు రోజులు."

ఆమె వైసన్ వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె చప్పట్లు కొట్టింది. గ్రేసియానో గొడ్డలి తీసుకెళ్లి లోపల పెట్టాడు.

"రేపు పక్క ఊరి మనిషి అదే కాగితంతో వస్తాడు" అంది ఎనెలేసి. "నేను ఇక్కడే కూర్చుంటాను. అతను అడిగితే చెప్తారా?"

గ్రేసియానో తల అడ్డంగా ఊపాడు.

"నేను మీకే చెప్తాను. పక్కన ఎవరైనా రాసుకుంటే నాకేం?"

*

శుక్రవారం స్టోనార్డ్ వచ్చి ప్రశ్నలు చదివాడు. గ్రేసియానో అతని వైపు ఒక్కసారి కూడా తిరగకుండా ఎనెలేసి ముఖం చూస్తూ పద్నాలుగింటికీ జవాబు చెప్పాడు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై మూడు మార్కులు. గ్రేసియానో చదివి సంతకం చేశాడు.

ఖుంబో ఆరోగ్య కేంద్రం మెట్ల మీద కూర్చుని కాగితాలు సరిచూసి, ఆరో పేరు కింద గీత గీశాడు. వైసన్‌ది రెండో పేరు. ఫైలెస్‌ది గీత కింద మొదటి పేరు.

"ఈ ఎనిమిదీ కూడా తప్పే" అని ఎనెలేసి మిగిలిన అల్లుళ్ల కాగితాలు చూపించింది.

"కాగితం తప్పా అక్కా, మనుషులు తప్పా?"

"అడిగిన పద్ధతి. వాళ్ల తరఫు పెద్దల్ని పిలిచి మళ్లీ అడగాలి."

"పిలిచినా ఉన్నవి ఆరే కదా. ఆరు నెలలకు మళ్లీ రాస్తారు, అప్పుడు చూద్దాం. ఇప్పుడు నేను ఒక ముక్క రాసి పెడతాను పైవాళ్లకు." అతను నిజంగానే రాశాడు, ఆమె ముందే, నాలుగు వాక్యాలు. తర్వాత హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. జట్టు సోమవారం వైసన్ ఇంటికి వస్తుంది.

శనివారం ఎనెలేసి మెలీనా ఇంటికి వెళ్లింది. వేరెవరైనా చెప్పేలోపు తనే చెప్పాలనుకుంది. మెలీనా పొయ్యి మీద జావ కలుపుతోంది. ఎనెలేసిని చూసి నవ్వి, పీట జరిపి, గిన్నె నిండా జావ పోసి చేతికిచ్చింది.

"ఎప్పుడొస్తారక్కా వాళ్లు?"

"రారు మెలీనా. ఈసారి మీకు రాలేదు."

మెలీనా గరిటె తిప్పడం ఆపలేదు.

"ఈసారి మాకు వస్తుందన్నావు."

"అప్పుడు ఆరో పేరు మీదే. తర్వాత ఇంకొకరు పైకి వచ్చారు."

"ఎవరు?"

అల్లుళ్ల సంగతి, వసారా సంగతి, పద్నాలుగు ప్రశ్నల సంగతి అన్నీ చెప్పవచ్చు. చెప్పడానికే వచ్చింది. కాని అడిగినదానికి ముందు జవాబు చెప్పాలి.

"మా తమ్ముడు."

గరిటె ఆగింది.

"నీకు తమ్ముడెక్కడ? నాకు తెలియదే."

"గురువారం నుంచి."

తర్వాత అంతా చెప్పింది. మెలీనా మధ్యలో ఒక్కసారీ అడ్డురాకుండా విన్నది. పొయ్యిలో కట్టె కాలి కింద పడితే తీసి లోపలికి తోసింది.

"నేను అన్నీ నిజమే చెప్పాను" అంది చివరకు. "తలుపుకు అడ్డం పడుకుంటానని చెప్పాను. నా చెయ్యి కొరికిందని చూపించాను. ఇంకేం చెప్పి ఉండాల్సింది?"

"ఏమీ లేదు. నువ్వు చెప్పింది సరిగ్గా సరిపోయింది."

"సరిపోలేదుగా."

గుమ్మంలోంచి ఫైలెస్ వచ్చింది. ఒకసారి ఇద్దరినీ చూసి, ఎనెలేసి పక్కన కింద కూర్చుని, ఆమె ఇంకా ముట్టని జావ గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని తాగడం మొదలుపెట్టింది.